ఆదివారం బ్యాకప్

బాలస్వామిని చెడ్డవాడని తార్నాకలో గానీ, అతనుండే మాణికేశ్వర్ నగర్‌లో గానీ ఒక్కరు కూడా అనరు. లాలాగూడలో ఒక జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతాడు. పిల్లల మీద చెయ్యెత్తడు. పక్కింటివాళ్ల మోటారు మొరాయిస్తే పిలవకముందే స్క్రూడ్రైవరు పట్టుకుని బయల్దేరతాడు. ఇన్ని మంచి గుణాలున్న మనిషి కడుపులో కుళ్లు కూడా ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు. నేను చెబితే నమ్మకపోతే పోనీండి, అతని భార్య ఉప్పలమ్మ నవ్వుతూనే చెప్పేది: "మా ఆయనకి శేషాద్రి సార్ ఇల్లంటే గుడే అనుకోరాదుండ్రి. గా గుడికి ఇంకొకరు పోయిన్రో, ఈయనకు జ్వరమొస్తది."

శేషాద్రి సార్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఏళ్ల తరబడి చెట్ల పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు. అనంతపురం వైపు మనిషి. ఉద్యోగానికని వచ్చి, తార్నాకలోనే ఇల్లు కట్టుకుని, ఇక్కడివాడైపోయారు. బాలస్వామి ఒకప్పుడు ఆయన దగ్గర పరిశోధనకు చేరాడు. పెళ్లి, ఉద్యోగం ఒకదాని మీదొకటి వచ్చిపడ్డాయి, పరిశోధన మూలనపడింది. చదువును వదిలేశాడు గానీ సార్‌ను మాత్రం వదల్లేదు.

సార్‌కు ఒక వెబ్‌సైట్ ఉంది. కరివేపాకుకు నల్లమచ్చలొస్తున్నాయని ఒకరు, నిమ్మచెట్టుకు పూత నిలవడం లేదని ఒకరు, ఎక్కడెక్కడివాళ్లో ప్రశ్నలు పంపుతారు. సార్ ఒక్క వేలితో టక్కు టక్కుమని కొట్టుకుంటూ ప్రతి ఒక్కరికీ జవాబు రాస్తారు. ఆ సైటు తయారుచేసింది బాలస్వామే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా చూసి అతికించాడు. జవాబు రాసి బటన్ నొక్కగానే "మీ జవాబు చేరింది, ధన్యవాదాలు" అని పచ్చరంగులో వచ్చేటట్టు కూడా పెట్టాడు. నిజంగా చేరిందో లేదో చూసుకుని ఆ మాట చెప్పాలన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు. బటన్ నొక్కితే చాలు, ధన్యవాదాలే.

సైటు ఉండేది షేర్డ్ హోస్టింగ్‌లో. అంటే ఒక్క కంప్యూటరును వందల సైట్లు పంచుకోవడం. ఒకే బోరున్న అపార్ట్‌మెంటు అనుకోండి, ఎవరైనా పంపు మరీ ఎక్కువసేపు తిప్పి ఉంచితే వాచ్‌మన్ వచ్చి కట్టేస్తాడు. చోటు కూడా కొంచెమే ఇస్తారు. సైటులోని ప్రశ్నలు, జవాబులు, రాసినవాళ్ల పేర్లు డేటాబేస్‌లో పట్టికలుగా ఉండేవి. రేపేదైనా అయితే ఉంటుందని వాటికి నకలు తీసి దాచుకోవడమే బ్యాకప్. మొత్తం ఒకేసారి దించబోతే సగంలో ఆగిపోయేది. అందుకని బాలస్వామి ఒక్కో పట్టికను విడివిడిగా, జవాబుల పట్టికనైతే ముక్కలు ముక్కలుగా, ఓపిగ్గా పెన్‌డ్రైవ్‌లోకి దించేవాడు. ప్రతి ఆదివారం పొద్దున, సార్ ఇంట్లో, సార్ కంప్యూటరు మీద.

ఆ పని తనింట్లో కూర్చుని చేసుకోలేడా అంటారా? శుభ్రంగా చేసుకోవచ్చు. ఆ సంగతి బాలస్వామికీ తెలుసు. కానీ ఇంట్లో చేసుకుంటే ఆ కిటికీ పక్క కుర్చీ ఎక్కడిది? సార్ భార్య పద్మావతమ్మగారి చేతి బొరుగుల ఉగ్గాని, వేడివేడి మిరపకాయ బజ్జీ ఎక్కడివి? పట్టికలు దిగుతుండగా సార్ పక్కన చేరి "ఈ వారం ఎవరేమడిగినారో చూద్దాం రాప్పా" అని ఒక్కో ప్రశ్నా చదివి నవ్వడం ఎక్కడిది? వారమంతా కాలేజీలో గొంతు చించుకునేది ఆ ఒక్క పొద్దుటి కోసమే. బ్యాకప్ పని ఉన్నన్నాళ్లే ఆ కుర్చీ తనదని, పని పోతే కుర్చీ పోతుందని అతని మనసులో గట్టిగా నాటుకుపోయింది.

అలాంటి ఇంట్లోకి సాహితి వచ్చింది.

క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయి. హాస్టల్లో ఉంటుంది. ఏదో మొక్క గురించి అడగడానికని ఒకరోజు సార్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఊరేదని పద్మావతమ్మ అడగడం, అనంతపురం దగ్గరని ఆ పిల్ల చెప్పడం, "అయ్యో, మా పక్క పిల్లంటండీ!" అని ఆమె చెయ్యి పట్టుకుని తిన్నగా వంటింట్లోకి తీసుకుపోవడం, మూడూ క్షణంలో జరిగిపోయాయి. ఇన్నేళ్లుగా వస్తున్న బాలస్వామి ఆ వంటింటి గడప ఒక్కనాడూ దాటలేదు. ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఆ వేళ హాల్లో ఒక్కడే కూర్చుని, లోపలినుంచి వస్తున్న నవ్వులు వింటుంటే అతని బజ్జీ ప్లేటులోనే చల్లారిపోయింది.

పైగా ఆ పిల్ల ఊరికే ఉంటుందా? ఇంకో ఆదివారం అతని వెనక నిలబడి కాసేపు చూసి, "అన్నా, ఇదంతా చేత్తో ఎందుకు చేస్తాండారు?" అంది.

"మరెట్ల చెయ్యాలె?" అన్నాడు బాలస్వామి, తల తిప్పకుండానే.

"తెల్లారుజామున సర్వర్ మీద అంత రద్దీ ఉండదన్నా. అప్పుడు దానంతటదే కొంచెం కొంచెంగా బ్యాకప్ తీసి, సార్‌కు మెయిల్ పంపేటట్టు పెట్టేద్దాం. మీకు ప్రతివారం ఈ తిప్పలుండవు."

"గట్ల మిషన్ మీద ఇడిస్తె ఎట్ల? మనిషి కండ్లతోని చూసుకోవాలె గదా సార్?" అని సార్ వైపు చూశాడు.

సార్ ఎప్పట్లా నిర్మలంగా నవ్వారు. "మంచిదే కదప్పా. నీకూ శ్రమ తప్పుతుంది. ఆదివారం పూట ఇంట్లో పిల్లలతో హాయిగా ఉండొచ్చు."

ఆయన మంచికే అన్నారు. కానీ బాలస్వామికి ఆ మాట ఇంక నువ్వు రానక్కర్లేదన్నట్టే వినబడింది. సాహితికి పాస్‌వర్డ్ ఒక్కో అక్షరమే పిసినారిలా చెప్పాడు. ఆ పిల్ల సాయంత్రానికల్లా పని ముగించింది. మర్నాడు తెల్లవారేసరికి సార్‌కు మెయిల్ వచ్చింది కూడా. ఆయన ఫోన్ చేసి మరీ చెప్పారు, "భలే పిల్లప్పా!" అని. బాలస్వామి "అవును సార్, మంచిగ చేసింది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఉప్పలమ్మ వడ్డించిన అన్నం కెలికి లేచిపోయాడు.

"ఏందయ్యా, గింత కుతకుత ఉడుకుతున్నవు? అది చిన్నపిల్ల" అంది ఉప్పలమ్మ.

"నేనెందుకు ఉడుకుత? నాకేం పట్టింది?" అని కసురుకున్నాడు. మెయిన్ పాస్‌వర్డ్ మాత్రం ఆ రోజే మార్చేశాడు. భద్రత కోసమట!

ఆ తర్వాతి ఆదివారం పని లేదు. అయినా కాళ్లు ఊరుకోలేదు. మాణికేశ్వర్ నగర్ నుంచి క్యాంపస్‌లో పడి అడ్డంగా నడుస్తుంటే, లైబ్రరీ దారిలో నెమలినార చెట్టు కింద సార్ కనబడ్డారు, పక్కన సాహితి. సార్ ఒక ఆకు తెంపి, రెండు వేళ్ల మధ్య నలిపి ఆ పిల్ల ముక్కు దగ్గర పెట్టారు. ఆమె "ఛీ, కంపు!" అని వెనక్కి గెంతింది. సార్ పకపకా నవ్వారు. "ఈ వాసన పట్టినవాడు నెమలినారను జన్మలో మరిచిపోడు" అన్నారు.

ఆ మాటలు బాలస్వామికి కంఠస్థం. పరిశోధనకు చేరిన మొదటి వారంలో, అదే చెట్టు కింద, అలాగే ఆకు నలిపి అతని ముక్కు దగ్గర పెట్టారు సార్. అది తనకొక్కడికే ఇచ్చిన వరమనుకున్నాడు ఇన్నాళ్లూ. పాఠం చెప్పే మనిషి ప్రతి ఏడూ ప్రతివాడికీ అదే పాఠం చెబుతాడని తనూ పాఠాలు చెప్పే బాలస్వామికి తెలియదా? తెలుసు. కళ్లలో కారం పడ్డవాడికి తెలివి పనిచేస్తుందా? వాళ్లకు కనబడకుండా వెనుదిరిగి, దారంతా పళ్లు కొరుక్కుంటూ ఇంటికొచ్చాడు. ఆ పిల్ల మీద అంత అసహ్యం ఎక్కణ్నుంచి పుట్టిందో అతనికే అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నమే చేశాడు ఆ దిక్కుమాలిన పని. తన పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత బ్యాకప్‌లన్నీ తీసి, తిరిగి హోస్టింగ్‌లోకే ఎక్కించాడు. "పాత ఫోటోలు" అని ఒక ఫోల్డరు పెట్టి దాంట్లో కుక్కాడు. అసలే ఇరుకు చోటు, ఇంక గాలాడకుండా నిండిపోయింది. సాహితి పెట్టిన బ్యాకప్ ముందు అక్కడ ఒక ఫైలు తయారు చేసుకుని, తర్వాతే మెయిల్ పంపాలి. చోటు లేకపోతే ఫైలు లేదు, ఫైలు లేకపోతే మెయిల్ లేదు. బాలస్వామి పద్ధతికి ఆ బాధ లేదు, అతనిది నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి దిగుతుంది. ఆ పిల్లది ఆగాలి, సార్ తనను పిలవాలి. అంతే అతని కోరిక. వేరే చెడు అతని మనసులో లేదని ఒట్టేసి చెబుతాడు. ఉన్నది చాలదూ!

అనుకున్నట్టే అయింది. మెయిళ్లు ఆగిపోయాయి. సాహితి ఫోన్ చేసి, "స్పేస్ నిండిపోయిందని వస్తాందన్నా. ఏముందో చూద్దామంటే లాగిన్ కావడం లేదు" అంది. "నేను చూస్తలే అమ్మా, నువ్వు పరీక్షలు చూసుకో" అని తియ్యగా చెప్పాడు. ఆమె పరీక్షలు రాసి సెలవులకు ఊరెళ్లిపోయింది. సార్ నుంచి కబురొచ్చింది, "నువ్వే దిక్కప్పా, రా." ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లికొడుకులా వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఉగ్గాని రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఫోల్డరు మాత్రం తియ్యలేదు. తీస్తే ఆ పిల్ల బ్యాకప్ మళ్లీ లేచి కూర్చుంటుందిగా!

కొత్త ప్రశ్నలు రావడం మానేశాయి. "ఎండలకు జనాల మొక్కలన్నీ మాడిపోయినట్టున్నాయి, అడిగేవాళ్లే లేరు" అని సార్ నవ్వారు. బాలస్వామి కూడా నవ్వాడు.

ఒక సాయంత్రం సార్ ఫోన్ చేసి క్యాంపస్‌కు రమ్మన్నారు. ఇంటికి కాదు. ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. బాలస్వామిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకు. మీ అమ్మకు కూడా" అన్నారు. పద్మావతమ్మను ఆయన బాలస్వామితో మాట్లాడేటప్పుడు మీ అమ్మ అనేవారు.

"ఏమైంది సార్?"

"నాకు మతి పోతాంది రా. సిద్దిపేటామె దానిమ్మ గురించి అడిగింది కదా, ఆమెకు పొడుగ్గా జవాబు రాసినాను. ధన్యవాదాలు అని వచ్చింది, చూసినాను. మర్నాడు చూస్తే లేదు. సరే, రాయాలనుకుని రాయలేదేమో అని మళ్లీ రాసినాను. అదీ లేదు. ఇట్లాంటివి ఎన్నో అయినాయి. రాసినట్టు నాకు స్పష్టంగా గుర్తుంటాది. అక్కడ చూస్తే ఏముండదు. మా నాయనకు ఇట్లే మొదలైంది. చివరికి నన్ను చూసి ఎవరు నువ్వు అన్నాడు."

బాలస్వామి మనసు ఆ ఫోల్డరు మీదికి పోయింది. చోటు నిండితే ఆగేది ఆ పిల్ల బ్యాకప్ ఒక్కటే కాదు, కొత్తగా ఏదీ చేరదు. ప్రశ్నలూ చేరవు, జవాబులూ చేరవు. తను అతికించిన ఆ పచ్చటి ధన్యవాదాలు మాత్రం ప్రతిసారీ వస్తూనే ఉంటుంది. అంతా ఒక్క క్షణంలో అర్థమైపోయింది. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు సార్ అతని భుజం మీద చెయ్యి వేసి, "నీకు తప్ప ఎవరితో చెప్పుకోనురా" అన్నారు.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట వినగానే బాలస్వామి నోరు మూసుకున్నాడు! సార్ సాహితితో చెప్పలేదు, భార్యతో చెప్పలేదు, తనతోనే చెప్పారు. ఇన్నేళ్లూ ఏ మాట కోసం చకోరంలా ఎదురుచూశాడో ఆ మాట చెవిన పడింది. దాన్ని తన చేత్తో ఎలా పోగొట్టుకుంటాడు? "ఏం కాదు సార్, వయసుకు గట్ల అయితది" అన్నాడు. ఇంటికెళ్లి ఫోల్డరు తీసేశాడు. సైటు బాగుపడింది. పోయిన జవాబులు ఎక్కడా చేరనేలేదు గనక ఏ బ్యాకప్‌లోనూ లేవు. సార్ మళ్లీ రాసి చూస్తే సరిపోయేది. కానీ ఆయన రాయడమే మానేశారు.

బాలస్వామికి అదొక విచిత్రమైన పండుగ అయింది. సార్ ఇప్పుడు రోజూ పిలుస్తారు. నడకకు తోడు రమ్మంటారు, బ్యాంకుకు తోడు రమ్మంటారు. అతని చెయ్యి పట్టుకునే రోడ్డు దాటుతారు. కాలేజీ కాగానే లాలాగూడలో ఆటో ఎక్కి తార్నాకలో దిగడమే. "మీ సార్‌కు ఏమైంది, గిట్ల ఒక్కతీరుగ పిలుస్తున్నడు?" అని ఉప్పలమ్మ అడిగితే, "నేను లేకపోతే ఆయనకు గడవది" అన్నాడు గర్వంగా. అని, ఆ తర్వాత ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు.

ఒక పొద్దున ఇద్దరూ లైబ్రరీ దారిలో నడుస్తున్నారు. నెమలినార దగ్గర సార్ ఆగారు. ఆకు తెంపి నలిపారు. ఎప్పుడూ పక్కవాడి ముక్కు దగ్గర పెట్టే మనిషి తన ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మళ్లీ వాసన చూశారు. ముఖంలో ఏదో బెదురు.

"ఇది నెమలినారే కదా?" అన్నారు.

"అవును సార్."

"నిజంగానేనా? నన్ను ఊరడించడానికి అనడం లేదు కదా?"

ఆయనకు పేరు గుర్తుంది, వాసన గుర్తుంది. తన బుర్ర మీద నమ్మకం ఒక్కటే పోయింది. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకో చెట్ల పేర్లు నేర్పిన మనిషి, పసిపిల్లాడిలా తన ముఖంలోకి చూస్తూ జవాబు కోసం నిలబడేసరికి బాలస్వామి తల పక్కకు తిప్పేసుకున్నాడు. ఛీ, ఇదేనా నాకు కావలసింది, అనుకున్నాడు. ఏడుపొచ్చింది. "ఇంటికి పోదాం పాండి సార్, మీతో ఒక మాట చెప్పాలె" అన్నాడు.

ఇల్లు చేరాక కూర్చోలేదు. హాల్లో నిలబడే అంతా కక్కేశాడు. ఫోల్డరు, పాస్‌వర్డు, ఊరికే వచ్చే ఆ ధన్యవాదాలు, దేన్నీ దాచలేదు. పద్మావతమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

సార్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచారు. "అంటే నేను రాసినాను?"

"రాసిన్రు సార్."

"సిద్దిపేటామెకు రాసినాను?"

"రెండుమార్లు రాసిన్రు సార్. మీ తప్పేం లేదు. మీరు మంచిగనే ఉన్నరు. తప్పు నాది."

"పద్మా, విన్నావా? రాసినానంట! నా బుర్రకేం కాలేదంట!" సార్ నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు, మళ్లీ నవ్వుతున్నారు. అప్పటికప్పుడు కంప్యూటరు ముందు కూర్చోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగారు. "అది సరే, ఎందుకు చేసినావప్పా?"

"ఆ పిల్ల వచ్చినంక నాకు ఈడ పని లేకుండ పోయింది సార్. బ్యాకప్ లేకపోతే నేనెందుకు రావాలె? కుళ్లుకున్న సార్. గంతే."

సార్ అతనివైపు వింతగా చూశారు. "పనా? ఆ హోస్టింగ్ వాళ్లే రోజూ ఒక బ్యాకప్ తీసి పెడతారంట కదరా. గోల్నాకలో మా తమ్ముని కొడుకు అనిల్ లేడూ, వాడు ఎప్పుడో చెప్పినాడు, ఈయన ఎందుకు కష్టపడతాండాడు పెదనాన్నా అని. నేనే వాని నోరు మూయించినాను. నువ్వు వస్తాండావు, కూర్చుంటాండావు. ఆ మాట నీకు చెప్తే ఆదివారం రావేమో అనుకున్నా."

బాలస్వామి కిటికీ పక్క ఆ కుర్చీ వైపు చూశాడు. అన్నేళ్లూ అవసరం లేని పనికే తనను రానిచ్చారు. పని కోసం కాదు, తన కోసం. ఆ సంగతి తెలియక తను చేసిందేమిటి? చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు.

"పోనీలేప్పా, ఏదో అయిపోయింది. కూర్చో" అన్నారు సార్.

"మీరుండండి" అంది పద్మావతమ్మ. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. గుమ్మం వదిలి హాల్లోకి వచ్చి బాలస్వామికి ఎదురుగా నిలబడింది. "నాకు చెప్పలేదనుకున్నాడు ఈయన. నేను చూడలేదా? బీరువా తాళం తీసి, వేసినానా లేదా అని మళ్లీ మళ్లీ పోయి చూస్తాంటే నాకు తెలియదా? ఈయనకు వినబడకూడదని కొళాయి తిప్పుకుని ఏడ్చినాను నేను. నువ్వు రోజూ వస్తాండావు, చెయ్యి పట్టుకుని నడిపిస్తాండావు, మా బిడ్డ లాంటోడు అని దేవునికి దండం పెట్టుకున్నాను. తెలిసి తెలిసి ఎట్లా చూస్తా ఉన్నావు నాయనా?"

"అమ్మా..."

"నీకీ ఇంట్లో చోటు లేదనుకున్నావు కదా. ఉండె. ఇప్పుడు లేదు. ఆయన క్షమిస్తే క్షమించనీ, నా వల్ల కాదు. నా కోపం పోయిన రోజు నేనే ఫోన్ చేస్తా. అంతవరకు ఈ గేటు తియ్యొద్దు."

సార్ ఏదో అనబోయి, భార్య ముఖం చూసి ఆగిపోయారు. బాలస్వామి "సరే అమ్మా" అన్నాడు. వంగి చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. ఎవరూ అతన్ని ఆపలేదు.

ఎండాకాలం పోయి వానలు కూడా వెనకబట్టాయి. సైటు బ్రహ్మాండంగా నడుస్తోంది. సార్ రోజూ జవాబులు రాస్తున్నారు. కొత్త పాస్‌వర్డు సాహితికి బాలస్వామే పంపాడు, చేసిన పని చెప్పుకుని మరీ పంపాడు. ఇప్పుడు ఆదివారం పొద్దున తొందరగా స్నానం చేసి, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చుంటాడు. ఉప్పలమ్మ అతన్ని ఆట పట్టించడం మానేసింది. చాయ్ తెచ్చి అతని పక్కన పెట్టి, తనూ కాసేపు ఆ ఫోను వైపే చూస్తుంది.